ఐసు గది తలుపు

ఉక్కపోత పట్టిన రాత్రి ఆ ఐసు ఫ్యాక్టరీ వెనక్కి ఎవరూ వెళ్ళరు.

ముందువైపు ఫర్వాలేదు. అక్కడ లైట్లుంటాయి, లారీలుంటాయి, ఇంజను దడదడలాడుతూ ఉంటుంది. చేపల వ్యాపారులు పెట్టెలు వరసగా పెట్టుకుని, నా వంతంటే నా వంతని పోట్లాడుకుంటూ ఉంటారు. వెనకవైపు అట్లా కాదు. కొంత ఖాళీ జాగా, తుప్పు పట్టిన ఐసు డబ్బాల గుట్ట, ఆ చివర పాత ఐసు గది.

మూరెడు మందం గోడలు. కిటికీ లేదు. ఉన్నది ఒకటే తలుపు. రెండు చెక్కల మధ్య రంపపు పొట్టు కూరి పరుపంత దళసరిగా చేయించిన తలుపు. గడియ బయటే. లోపలివైపు పట్టుకోవడానికి ఒక పిడి కూడా పెట్టలేదు... ఐసుకు తనంతట తాను బయటికి వచ్చే పనేముంది గనక.

ఆ గదిలోంచి చప్పుడు వస్తుందని పేరు.

వానల్లో రాదు, చలికాలం రాదు. ఎండలు ముదిరి, గాలి స్తంభించి, ఆకు కదలని రాత్రి మాత్రం వస్తుంది. లోపల్నుంచి ఎవరో తట్టినట్టు... టక్. కాసేపాగి మళ్ళీ... టక్ టక్.

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. విన్నది విన్నట్టు చెప్పడమే నా వంతు.

ఆ తట్టేది ఐసు మేస్త్రి మొదటి భార్య అని ఫ్యాక్టరీ పక్క లైను ఇళ్ళలో అందరూ చెప్పుకునేవారు. ఒక ఎండాకాలం సాయంత్రం ఆవిడ ఉక్క భరించలేక, కాసేపు ఒళ్ళు చల్లబరుచుకుందామని ఆ గదిలోకి వెళ్ళిందట. తలుపు వారగా వేసి ఐసు దిమ్మల పక్కన కూర్చుందట. చల్లదనానికి కన్నంటుకుందేమో. ఎవరు మూశారో, ఎట్లా మూసుకుందో, గడియ పడింది. పొద్దున ఐసు తియ్యడానికి వచ్చినవాళ్ళకు కనబడింది. రాత్రి ఏ చప్పుడూ వినపడలేదన్నారు అందరూ.

అయితే ఈ కథ ఆవిడది కాదు. ఆవిడ తర్వాత వచ్చినావిడది.

మేస్త్రి రెండో భార్యను లైనంతా ‘కొత్తమ్మాయి’ అనేవారు. పెళ్ళయ్యాక ఎండాకాలాలు వచ్చాయి, పోయాయి, ఆ పేరు మాత్రం పాతబడలేదు. కొత్తమ్మాయి గోనెపట్టాలు కుట్టేది. ఐసు దిమ్మలకు చుట్టే పట్టాలు రోజూ చిరుగుతూనే ఉంటాయి. కొక్కెం తగిలి కొన్ని, లారీలో ఒరుసుకుని కొన్ని. వాటికి మాసికలు వెయ్యడం ఆమె పని. పెళ్ళికి ముందు ఆ పనిమీదే ఫ్యాక్టరీకి వచ్చేది. మేస్త్రి ముందు కుట్టు బాగుందన్నాడు, తర్వాత మనిషి బాగుందన్నాడు. అంతటితో పెళ్ళి కుదిరిపోయింది.

ఆమెకు దెయ్యాల భయం లేదు. అసలు భయమనేదే తక్కువ. ఆమెకున్నదల్లా కుళ్ళు. ఇందులో దాచేదేం లేదు, ఆమే ఒప్పుకునేది. పక్కింటి దండెం మీద బట్టలు తన బట్టలకన్నా ముందు ఆరిపోయినా ఆమె కడుపు రగిలేది. ఎదురింటి వాకిట్లోకి కాస్త గాలి తిరిగితే, తన వాకిట్లోకి రావలసింది అటు మళ్ళిందని బాధపడేది.

అవన్నీ చిన్న చిన్న కుళ్ళులు. పూట గడిస్తే చల్లారేవి. చల్లారనిది ఒకటుంది... ఆ మొదటి ఆవిడ మీద కుళ్ళు.

ఇంట్లో ఏ మూల చూసినా ఆవిడే. కుట్టుమిషను పెట్టుకునే బల్ల ఆవిడది. గోడకు మేకు కొట్టింది ఆవిడ. నీళ్ళకుండకు తడిగుడ్డ చుట్టే పద్ధతి ఆవిడది. మేస్త్రి మంచివాడే, నోరెత్తి ఆవిడ మాట అనడు. కాని లైనులో ఉన్నవాళ్ళకు నోరు ఊరుకోదు కదా. ఆవిడ ఎంత నెమ్మదిగా ఉండేదో, ఆవిడ చెయ్యి ఎంత చలవో అని కొత్తమ్మాయి ముందే చెప్పుకునేవారు.

చచ్చినవాళ్ళది భలే సుఖం. వాళ్ళ కూరలో ఉప్పెక్కువ కాదు, వాళ్ళకు వయసు మీద పడదు, వాళ్ళు మొగుడి మీద విసుక్కోరు. బతికున్న సవతినైతే జుట్టు పట్టుకుని ఈడ్చవచ్చు. చచ్చిన సవతిని ఎక్కడ పట్టుకోవాలి?

ఆ ఏడు ఎండలు నిప్పులు చెరిగాయి. ఎండయినా నయం, ఉక్క మరీ పాడుది. ఎండకు నీడ ఉంది, ఉక్కకు ఎక్కడికి పోతాం. కొత్తమ్మాయి తనకు తెలిసినవన్నీ చేసింది. కిటికీలకు తడిగోనెలు కట్టింది. నేల మీద నీళ్ళు చల్లింది. దుప్పటి తడిపి పిండి కప్పుకుంది. విసనకర్ర ఊపి ఊపి చెయ్యి నొప్పి పుట్టిందే తప్ప చెమట ఆగలేదు. వీపు నిండా చెమటకాయలు. కరెంటేమో ఉండి ఉండి పోతుంది. గోనె పీచు చెమటకు అంటుకుని ఒళ్ళంతా ఒకటే చురచుర.

ఇంత నరకంలో మేస్త్రి చేతులు మాత్రం చల్లగా ఉండేవి.

మొదట్లో ఆమెకు అది వరంలా ఉండేది. రాత్రి ఎప్పుడో లేచి బయటికి వెళ్ళి వచ్చేవాడు. వచ్చి పక్కన పడుకుంటే చుట్టూ చల్లదనం కమ్మేది. చెయ్యి నా వీపు మీద పెట్టండి, అనేది. పెట్టేవాడు. ఆ అరచేతి కింద చెమటకాయల మంట చల్లారి ఆమె హాయిగా నిద్రపోయేది. ఎక్కడికి వెళ్ళి వస్తున్నారని అడిగితే, ఐసు చూసి వస్తున్నానన్నాడు. ఐసు మేస్త్రి ఐసు చూసుకోక ఏం చూస్తాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

చెప్పింది పక్కింటి వదిన.

ఒకరోజు కుళాయి దగ్గర బిందె నిండేదాకా నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. మేస్త్రి వెళ్ళేది కొత్త ఐసు గదికి కాదట. పాత గదికట. ఉక్కపోసిన ప్రతి రాత్రీ ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్తాడట. లోపల చాలాసేపు ఉంటాడట. ఆయన మాట్లాడుతుంటే వాచ్‌మన్ బాబాయి తన చెవులతో విన్నాడట.

“ఎవరితో?” అంది కొత్తమ్మాయి.

వదిన బిందె ఎత్తుకుంది. “ఎవరితో ఏంటమ్మా... అక్కడున్నది ఎవరు.”

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. కొత్తమ్మాయి ఆ పూట మిషను మీద కూర్చుంది కాని, వేసిన మాసిక వేసినట్టే వంకరపోయింది. దెయ్యం ఉందా లేదా అనే ఆలోచనే ఆమెకు రాలేదు. వచ్చిందల్లా ఒకటే... ఇన్ని రాత్రులూ తన వీపు మీద పెట్టిన ఆ చల్లదనం ఎక్కణ్ణుంచి తెచ్చిందో ఇప్పుడు తెలిసింది. అది ఆవిడ దగ్గర్నుంచి తెచ్చింది. ఎంగిలి చల్లదనం.

ఆ రాత్రి మేస్త్రి వచ్చి పక్కన పడుకుని, అలవాటు కొద్దీ వీపు మీద చెయ్యి వేశాడు. కొత్తమ్మాయి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. మంట ఉంటే ఉండనీ అనుకుంది. తెల్లారేదాకా మండుతూనే పడుకుంది.

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఆమెకు అన్నీ కనబడడం మొదలయ్యాయి. మేస్త్రి చొక్కా గుండెల దగ్గర తడిసిన రంపపు పొట్టు. అక్కడే ఎందుకంటుకుంటుంది, ఎవరినైనా దగ్గరికి తీసుకుంటే తప్ప? ఇంకోటి కూడా కనిపెట్టింది. ఉక్కపోసిన రాత్రి ఆయన నిద్రపోడు. పడుకుని చెవులు రిక్కించి వింటూ ఉంటాడు. ఉన్నట్టుండి తల ఎత్తుతాడు, ఎవరో పిలిచినట్టు. లేచి వెళ్ళిపోతాడు.

ఆమె కూడా విన్నది. చాలా సన్నగా, దూరం నుంచి... టక్. టక్ టక్.

ఆవిడ పిలుస్తోంది, ఈయన వెళ్తున్నాడు. తను పక్కనుండి మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలికే మనిషి, ఆవిడ గోడల వెనక నుంచి ఒక్క వేలితో తడితే లేచి పరిగెత్తుతున్నాడు. కొత్తమ్మాయికి ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఎదురుగా నిలబెట్టి అడిగితే చెప్పే రకం కాదు ఆయన. కళ్ళారా చూడాలి. మొగుడు తనవాడా, ఆవిడవాడా... ఈ ఒక్కటీ తేలాలి.

తేలే రోజు రానే వచ్చింది.

ఆ రోజు పొద్దున్నుంచీ ఒళ్ళు ఉడికిపోతోంది. గోడను ముట్టుకుంటే గోడకే చెమట పట్టినట్టుంది. అగ్గిపుల్ల గీస్తే వెలగదు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుకారింది. ఇళ్ళ ముందు మంచాలేసుకుని జనం ఊపిరి తియ్యడమే పనిగా కూర్చున్నారు. చీకటి పడే వేళకు ఆకాశం ఒకవైపు నల్లగా లేచింది. ఉరుములు దూరాన దొర్లుతున్నాయి. చినుకు లేదు. గాలి లేదు. వచ్చేదేదో వచ్చేస్తే బాగుండునని అందరూ పైకి చూస్తున్నారు.

మేస్త్రి భోజనానికి కూర్చున్నాడు. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగుతోంది. చెవులు ఇక్కడ లేవు.

కొత్తమ్మాయి కుట్టిన పట్టాలు చంకలో పెట్టుకుంది. వాన రాకముందే ఇవి షెడ్డులో పడేసి వస్తానని చెప్పి, టార్చిలైటు తీసుకుని బయటపడింది. ఆయన సరేనన్నాడో లేదో కూడా వినలేదు. ఆయన కన్నా ముందు ఆ గదిలో తనుండాలి. దిమ్మల వెనక దాక్కుని, ఇద్దరినీ ఒకచోట పట్టుకోవాలి. పట్టుకుని ఏం చెయ్యాలో మాత్రం ఆలోచించుకోలేదు.

గడియ బరువుగా ఉంది, రెండు చేతులతో లాగింది. తలుపు కాస్త తెరుచుకోగానే చల్లటి పొగ పాదాల మీదికి పారింది. లోపలికి జొరబడి, ఆయన వచ్చేది కనబడాలని తలుపు వారగా వదిలింది.

ఎండలు ముదిరితే కొత్త గది చాలక ఇక్కడా దిమ్మలు పేర్చేవారు. పగలు, నలుగురైదుగురు కలిసి, గబగబా పేర్చి పారిపోయేవారు. టార్చి వెలుగులో దిమ్మలు వరసగా, పొట్టు కప్పుకుని, గోనెలు చుట్టుకుని పడుకున్నాయి. ఆ గోనెల మీద మాసికలు తనవే.

వెనక వరసలో ఒక దిమ్మకు వీపు ఆనించి కూర్చుంది.

హాయి. ఇంత హాయి ఈ లోకంలో ఉందని ఆమెకు తెలీదు. చెమటకాయలన్నీ ఒక్కసారి ఊరుకున్నాయి. కళ్ళు మూతలు పడ్డాయి. ఆ హాయికి కూడా ఆమెకు కుళ్ళు పుట్టింది. లైనంతా పెనం మీద వేగిపోతుంటే, ఆవిడ మాత్రం ఇంత చల్లని చోటు చూసుకుని పోయిందన్నమాట. ఎప్పటికీ ఇక్కడే. మొగుడు కావాలంటే ఒక్క తట్టు.

అప్పుడు వినపడింది... తలుపు కదిలిన చప్పుడు.

ఆమె టార్చి ఆర్పేసింది. ఊపిరి బిగబట్టింది. వచ్చేశాడనుకుంది.

ఎవరూ లోపలికి రాలేదు. తలుపు సందులోంచి వస్తున్న మసక వెలుగు సన్నగా అయింది. ఇంకా సన్నగా అయింది. పోయింది. తర్వాత, ఇనుము ఇనుము మీద జారిన చప్పుడు.

గడియ.

అది వాచ్‌మన్ బాబాయి పని అని తర్వాత తెలిసింది. వాన వచ్చేలా ఉందని ఒక చుట్టు తిరిగొద్దామని వచ్చాడు. తలుపు వారగా కనబడింది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి తెరిచి ఉన్న ఐసు గది తలుపు కనబడితే కాళ్ళు ఆగవు. చెయ్యి దానంతటదే వెళ్ళి మూసి గడియ పెడుతుంది. లోపల ఎవరున్నారని చూడడు; లోపల ఉండేది ఐసే. ఆ గది దగ్గర నిలబడి ఆలోచించే ధైర్యం ఆయనకూ లేదు. పెట్టాడు, పరిగెత్తాడు.

కొత్తమ్మాయి లేచి తలుపు దగ్గరికి తడుముకుంటూ వచ్చింది. తోసింది. పిలిచింది. అరిచింది. అంత దళసరి తలుపు ఆ అరుపును అక్కడికక్కడే మింగేసింది. తన గొంతు తనకే పక్కగదిలో ఎవరిదో అన్నట్టు వినపడింది.

బయట ఉరిమింది. గుండెల్లో తెలిసింది కాని, చెవికి అందలేదు.

పిడికిలితో కొట్టింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టింది. తర్వాత కాలి చెప్పు తీసి దానితో కొట్టింది. రబ్బరు చెప్పు గట్టిగానే మోగింది. ఇది వినపడుతుంది. ఖచ్చితంగా బయటికి వినపడుతుంది...

చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

వినపడితే మాత్రం ఎవరొస్తారు? ఉక్కపోసిన రాత్రి పాత ఐసు గదిలోంచి చప్పుడు వినపడితే ఎవరైనా చేసే పని ఒకటే. పక్కింటి వదిన పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపేసుకుంటుంది. వాచ్‌మన్ బాబాయి ముందు గేటు దాకా వెళ్ళి నిలబడతాడు. అదిగో తడుతోంది, అనుకుంటారు. ఈ గదిలోంచి తట్టేది దెయ్యమే. మనిషి తడుతుందని ఎవరనుకుంటారు.

అప్పటికి గాని కొత్తమ్మాయికి భయం వెయ్యలేదు. అప్పుడు వేసింది, జీవితానికి సరిపడా.

ఇందాక హాయిగా ఉన్న చలి ఎముకల్లోకి దిగింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. గాలి బరువెక్కింది. టార్చి ఎక్కడ పడిందో దొరకలేదు. చీకట్లో తలుపుకు ఆనుకుని కూలబడింది.

టక్.

ఆమె కొట్టలేదు.

వెనక నుంచి వచ్చింది. దిమ్మల్లోంచి.

టక్... టక్.

వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇంకొకరైతే అక్కడే పడిపోయేవారు. కాని లోపల అంత చలిలోనూ ఆరని నిప్పు ఒకటుంది కదా.

“నువ్వేనా?” అంది గుసగుసగా.

చీకట్లోనే దిమ్మల వైపు తిరిగింది.

“నీకు బల్ల ఉంది, మేకులున్నాయి, మంచిపేరుంది. ఆయన్ని కూడా ఎందుకు పిలుస్తావు?”

నీళ్ళ బొట్టు ఎక్కడో పడింది.

“ఆయన నా మొగుడు,” అంది కొత్తమ్మాయి. “నీ పని అయిపోయింది.”

టక్.

అంత దగ్గరగా. పక్కనే కూర్చుని ఒప్పుకోనన్నట్టు.

కొత్తమ్మాయి లేచింది. చెప్పుతో పిచ్చిపట్టినట్టు తలుపు బాదింది. వెనక చప్పుడు వినపడకుండా ఉండాలని బాదింది, ముందు ఎవరికైనా వినపడాలని బాదింది. చెప్పు చేతిలోంచి జారి చీకట్లో ఎటో పడింది. వట్టి చేతులతో కొడుతుండగానే...

గడియ కదిలింది.

తలుపు తెరుచుకుంది. గాలి, వాన, మెరుపు ఒక్కసారి మొహాన కొట్టాయి. మెరుపులో మేస్త్రి నిలువెల్లా తడిసి నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్ళి ఆయన మీద పడిపోయింది. ఆయన రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఆయన ఆమెను అట్లా పట్టుకోలేదు. ఊపిరాడనంత గట్టిగా, పోయిన ప్రాణం దొరికినట్టు. జుట్టుకంటిన పొట్టు తుడుస్తున్నాడు, చల్లటి చెంపలు తుడుస్తున్నాడు, ఏడుస్తున్నాడు.

“వచ్చావా...” అంటున్నాడు. “తీశాను... చూడు, ఈసారి తీశాను...”

కొత్తమ్మాయి ఆ చేతుల్లో అట్లాగే ఉండిపోయింది. ఎంతసేపని ఉంటుంది. ఆ మాట తనకు కాదని తెలుస్తూనే ఉంది. ఇంకో క్షణం మాట్లాడకుండా ఉంటే ఇంకో క్షణం ఆ కౌగిలి తనదే. ఉందామనే అనుకుంది. కాని ఆ ప్రేమ ఇంకొకరి పేరు మీద తీసుకోవడానికి ఒళ్ళు ఒప్పుకోలేదు.

“నేనండీ,” అంది.

మళ్ళీ మెరిసింది. ఆయన ఆమె మొహం చూశాడు. చూసి... ఆయన మొహంలో ఏదో ఆరిపోయింది. ఒక్క రెప్పపాటే. వెంటనే సర్దుకున్నాడు, నువ్వా, నువ్వెట్లా వచ్చావు, దెబ్బ తగిలిందా అని ఒళ్ళంతా తడిమాడు. కాని ఆ రెప్పపాటు ఆమె చూసేసింది. మెరుపు ఒక్కటీ రాకుండా ఉంటే ఆమె బతుకు ఎంత బాగుండేదో.

వాన లోపలికి కొడుతుంటే ఆయన చెయ్యి వెనక్కి చాపి తలుపు దగ్గరగా నెట్టాడు. ఇద్దరూ తలుపు పైనున్న రేకుల చూరు కిందే నిలబడ్డారు.

“ఎవరనుకున్నారు?” అంది. తెలిసిన సంగతే అడగడం కుళ్ళుకున్నవాళ్ళకు అలవాటు.

అప్పుడు చెప్పాడు, ఎవరికీ చెప్పనిది. ఆ రోజు తలుపు వారగా ఉంటే మూసి గడియ పెట్టింది తనే. లోపల మనిషి ఉందని చూసుకోలేదు. ఇంటికొచ్చి, ఆవిడ పుట్టింటికి వెళ్ళిందేమో అనుకున్నాడు, పొద్దున ఏదో మాటా మాటా అనుకున్నారు గనక. పడుకున్నాక చప్పుడు వినపడింది.

“ఎవరికీ వినపడలేదన్నారు కదా. నాకు వినపడింది.” వాన హోరులో ఆయన గొంతు సరిగ్గా అందడం లేదు. “ఉక్కపోసిన రాత్రి దిమ్మలు బీటలిస్తాయి. టక్ టక్ మంటాయి. ఐసు పని చేసేవాడెవడూ ఆ చప్పుడుకు లేవడు. ఐసు పగులుతోంది అనుకున్నాను. అనుకుని... పక్కకు తిరిగి పడుకున్నాను.”

అప్పట్నుంచీ దిమ్మ బీటలిచ్చిన ప్రతి రాత్రీ ఆయనకు పడక మీద ఒళ్ళు నిలవదు. వచ్చి తలుపు తీస్తాడు. ఎవరూ ఉండరు. ఐసే ఉంటుంది. కాసేపు దిమ్మలకు చెప్పుకుని ఏడ్చి, గడియ పెట్టి వస్తాడు. ఎవరూ ఉండరని తెలిసినా తియ్యకుండా ఉండలేడు. ఈ రాత్రి తీస్తే, నిజంగానే మనిషి.

కొత్తమ్మాయికి జాలి వెయ్యలేదని ఎట్లా అంటాను, వేసింది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. కాని జాలి ఒక పక్కే. ఇంకో పక్క రగులుతూనే ఉంది. తనను ఆ గదిలోంచి బయటికి తీసింది తన మొగుడు కాదు. ఆవిడ మొగుడు. ఆవిడ కోసం వచ్చి, ఆవిడ కోసం గడియ తీసి, ఆవిడను గుండెలకు హత్తుకుని, తీరా చూస్తే తను.

ఇంక అయిపోయిందిలే అనుకుంది. ఏడ్చాడు, చెప్పుకున్నాడు, బరువు దిగింది. రేపట్నుంచి రాడు. రానివ్వదు.

“పదండి,” అంది.

అడుగు వేశారు. వెనక తలుపు మీద దెబ్బ పడింది.

లోపల్నుంచి.

ఇద్దరూ ఆగిపోయారు.

మళ్ళీ పడింది. దిమ్మ బీటలిచ్చిన చప్పుడు కాదది. పిడికిలి చప్పుడూ కాదు. రబ్బరు చెప్పు తిరగేసి చెక్క మీద కొడితే వచ్చే చప్పుడు... ఛట్. ఛట్ ఛట్.

కొత్తమ్మాయి కిందికి చూసుకుంది. ఎడమ కాలు వట్టిగా బురదలో ఉంది.

మేస్త్రి మొహంలో ఇందాక ఆరిపోయింది మళ్ళీ వెలిగింది. ఆయన వెనక్కి తిరిగాడు. చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది, ఎంతో ఆశగా.

ఆమె చెయ్యి అంతకన్నా ముందు వెళ్ళింది. ఇందాక రెండు చేతులతో లాగితే గాని కదలని గడియ, ఇప్పుడు ఒక్క చేత్తో తోస్తే పోయి సందులో పడింది.

“ఐసు పగులుతోందండీ,” అంది మెల్లగా. “తడిసిపోతున్నారు, ఇంటికి పదండి.”